ఖాళీ కానివ్వని సబ్బు సీసా

మా కడప బంధువుల్లో నేనేం చేస్తానో ఇప్పటికీ ఎవరికీ సరిగ్గా తెలియదు. డాక్టరునని తెలుసు. కానీ సూది వెయ్యదు, చీటీ రాయదు, పెళ్లిలో ఎవరికైనా కళ్లు తిరిగితే అందరికంటే వెనక నిలబడుతుంది, ఇదేం డాక్టరు అని వాళ్ల అనుమానం. ఒకసారి మా చిన్నత్త పట్టుబట్టి అడిగింది. కర్నూలులో ఒక ఆసుపత్రిలో క్రిముల మీద పరిశోధన చేస్తాననీ, ఒక జబ్బుతో వచ్చినవాళ్లకు ఆసుపత్రిలో ఇంకో జబ్బు అంటుకోకుండా చూస్తాననీ, అంటుకుంటే ఆ క్రిమి ఎక్కణ్నుంచి వచ్చిందో కనిపెడతాననీ చెప్పాను.

"అంటే డాకటర్లు చేతులు కడుక్కుంటాండారో లేదో చూస్తావు. అంతే గదా?"

"ఇంచుమించు అంతే అత్తా."

"దానికి ఇన్నేండ్లు సదవల్నా? మా ఇంట్లో ఆ పని నేను సదవకుండానే చేస్తాండా."

చిన్నత్త మాటలో తప్పేమీ లేదు. ఆమె ఇంట్లో చేతులు కడుక్కోకుండా కంచం ముందు కూర్చున్నవాడికి అన్నం పడదు. మా ఆసుపత్రిలో చేతులు కడుక్కోకుండా పదిమంది రోగులను ముట్టుకున్నవాడికి ప్రమోషన్ పడుతుంది. తేడా అంతే.

ఆసుపత్రిలో నన్ను సబ్బు మేడం అంటారు. ముందర అనరు. నేను వార్డు గుమ్మంలో కనబడగానే ఎవరో దగ్గుతారు. ఆ దగ్గు విని పిజి పిల్లలు సింకు వైపు పరుగెత్తుతారు. మోచేతుల దాకా రుద్దుకుంటూ నాకు గుడ్ మార్నింగ్ చెప్తారు. నేను వెనక్కి తిరగగానే ఆ తడిచేతులు ప్యాంటు జేబుల్లోకి పోతాయి. ఇన్నేళ్లూ నేను చేసింది పరిశోధన అనుకున్నాను గానీ, నిజానికి వాళ్లతో దాగుడుమూతలు ఆడాను.

పరుగెత్తనివాడు ఒక్కడే ఉన్నాడు. పసిపిల్లల వార్డు పెద్ద డాక్టరు. ఆయన ఒక మంచం నుంచి ఇంకో మంచానికి కల్యాణమంటపంలో మగపెళ్లివారి పెద్దలాగా చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తాడు. కడుక్కోండి సార్ అంటే రెండు అరచేతులూ నా ముందు చాపి, "ఈ చేతులతో ఎంతమందిని బతికించానో చూసి చెప్పమ్మా" అనేవాడు. చేతులు చూసి చెప్పడానికి నేను జోస్యం చెప్పేదాన్ని కాదు సార్, పరీక్షకివ్వండి అంటే ఇచ్చేవాడు కాదు.

ఇట్లా లాభం లేదని నేనొక కాగితం తయారుచేశాను. నెలకొకసారి ప్రతి వార్డుకూ మార్కులు. సింకు శుభ్రంగా ఉంటే ఇన్ని, తువ్వాలు మారిస్తే ఇన్ని, సబ్బు ఉంటే ఇన్ని. అంతకుముందు మా వార్డుల్లో లిక్విడ్ సబ్బు హెడ్ సిస్టర్ బీరువాలో ఉండేది, బీరువా తాళం ఆమె నడుముకు ఉండేది, తనిఖీ వాళ్ల జీపు గేటు దాటగానే సీసాలు బయటికొచ్చి సింకుల పక్కన కొలువుతీరేవి. జీపు వెళ్లాక మళ్లీ బీరువాలోకి. అందుకని నేను కసిగా ఒక నియమం పెట్టాను. సింకు పక్కన సబ్బు సీసా ఖాళీగా కనబడితే, మిగతావి ఎంత బాగున్నా ఆ వార్డుకు ఆ నెల సున్నా. ఆ సున్నాను లిఫ్టు పక్కన నోటీసు బోర్డులో ఎర్ర సిరాతో అతికించేదాన్ని.

అది పనిచేసింది. సూపరింటెండెంటుకు భయపడని హెడ్ సిస్టర్లు నా ఎర్ర సున్నాకు హడలిపోయారు. సీసాలు ఎప్పుడు చూసినా గొంతు దాకా నిండి ఉండేవి. ఒక సదస్సులో ఈ కాగితం గురించి మాట్లాడి, నిండు సీసాల ఫొటోలు తెర మీద చూపించి చప్పట్లు కొట్టించుకున్నాను. నా కళ్లు కొంచెం నెత్తికెక్కాయని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గులేదు. అప్పుడు ఎవరైనా చెప్పుంటే కొట్టేదాన్ని.

ఆ ఎండాకాలం పసిపిల్లల వార్డులో ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు పిల్లలు పాలు తాగడం మానేశారు. ఒళ్లు చల్లబడటం, ఊపిరి బరువెక్కడం. రక్తపరీక్షలో ముగ్గురికీ ఒకే క్రిమి. ఒకే క్రిమి అంటే తల్లి కడుపులోంచి తెచ్చుకున్నది కాదు, మా దగ్గర అంటుకున్నది. ఇద్దరికి మందుతో తొందరగానే తగ్గింది. మూడోది పత్తికొండ వైపు నుంచి వచ్చిన ఆడపిల్ల. నెలలు నిండకుండా పుట్టింది, ఎలుకపిల్లంత ఉంది, ఎంతకీ తేరుకోలేదు.

ఆ పిల్ల తల్లికి పెద్దాపరేషన్ అయింది. లేచి కూర్చునే ఓపిక లేక పక్క హాల్లో బాలింతల మంచం మీద ఉండేది. బరువు తక్కువ పిల్లలను ఎవరో ఒకరు రొమ్ముకు ఆనించుకుని ఒంటి వేడి ఇస్తూ ఉండాలి. ఆ పని పిల్ల అమ్మమ్మ చేసేది. ఆమె టమోటా తోటల్లో కాయలు కోసే కూలి మనిషి. మెడలో నల్లదారానికి చిన్న సిలువ. పిల్లను రవికెలో దోపుకుని, గోడకు ఆనుకుని కూర్చుని, పెదాలు కదిలిస్తూ ప్రార్థన చేసుకునేది. వార్డులో అంత ఓపిగ్గా పనిచేసే యంత్రం ఇంకోటి లేదు.

పెద్ద డాక్టరు ఆమెను చూపించి, "వెతకాల్సిన పనేముందమ్మా? ఆ చేతులు చూడు" అన్నాడు.

చూశాను. వేళ్ల సందుల్లో, గోళ్ల చుట్టూ నల్లగా, పచ్చగా ఏదో పట్టి ఉంది. నాకు ఒళ్లు మండింది. ఆమెను సింకు దగ్గరికి నడిపించి, సీసా నొక్కి, నా కళ్లముందే మూడుసార్లు కడిగించాను. ఆ నలుపు పోలేదు.

"ఇది మురికి కాదమ్మా, టమోటా పసురు" అంది ఆమె. "తోటలో పని మానుకున్యాక పదైదు దినాలకు గానీ పోదు."

నేను వినలేదు. అంత బాగా కడిగించాక కూడా క్రిమి ఉంటే అప్పుడు ఈమె సంగతి తేలుతుందని ఆ తడివేళ్లనే పరీక్ష ప్లేటు మీద అద్దించాను. క్రిములు పెరగడానికి జెల్లీలాంటిది పోసి ఉంచే గుండ్రటి ప్లేటు అది. రెండో రోజుకు దాని నిండా పెరిగింది. అదే క్రిమి, పిల్లల రక్తంలో ఉన్నదే.

నేను ఇన్నేళ్లలో అంత త్వరగా ఏ కేసూ తేల్చలేదు. ఆమెను పిలిచి, నీ చేతుల్లో పురుగుంది, అదే నీ మనవరాలిని తింటోంది, ఇక లోపలికి రావద్దు అని చెప్పాను. ఈ మాటలే అన్నాను. వాళ్లకు అర్థమయ్యేట్టు చెప్పాలని మాకు శిక్షణలో నేర్పుతారు, నేను బాగా నేర్చుకున్నాను. ఆమె ఒక్క మాట ఎదురు చెప్పలేదు. పిల్లను రవికెలోంచి తీసి సిస్టరు చేతికిచ్చి, మెట్ల పక్కన వరండాలోకి వెళ్లి కూర్చుంది.

అదే వార్డులో ఒక బట్టల కొట్టు యజమాని కోడలు కూడా ఉంది. వాళ్లవైపు నుంచి రోజుకు పదిమంది వచ్చేవారు. మంత్రాలయం నుంచి తెచ్చిన తీర్థం పసివాడి నాలుకకు అద్దేవారు, మాకందరికీ మిఠాయి పంచేవారు. వాళ్లను కూడా బయట ఉండమనాల్సింది నేనే. "దయచేసి ఇద్దరిద్దరు రండి సార్" అన్నాను. వాళ్ల చేతులు పరీక్షకు అడగాలని నాకు తోచనే లేదు. వాళ్ల గోళ్లు తెల్లగా ఉన్నాయి. నేను నాలుగు మిఠాయిలు తిన్నాను.

అమ్మమ్మ బయటికి పోయాక పిల్ల బాగుపడాలి గదా. పడలేదు. ఒంటి వేడి ఇచ్చే మనిషి లేక బరువు ఇంకాస్త తగ్గింది. గొట్టంతో పోసే పాలు కూడా వెనక్కి వస్తున్నాయి. పెద్ద డాక్టరు తల్లి దగ్గరికి వెళ్లి, ధైర్యంగా ఉండమ్మా అని చెప్పివచ్చాడు. ఆయన ఆ మాట ఎప్పుడు చెప్తాడో వార్డులో అందరికీ తెలుసు. నాలుగో రోజు, ఆ అమ్మమ్మ ఎన్నడూ ముట్టుకోని ఇంకో పిల్లవాడు పాలు మానేశాడు. వాడి రక్తంలోనూ అదే క్రిమి.

అప్పుడైనా నా బుర్ర పనిచెయ్యాలి. చెయ్యలేదు. నీళ్ల డ్రమ్ములు పరీక్షించాను, ఊయల గుడ్డలు, పాల గిన్నెలు, తలుపు గడియలు పరీక్షించాను. పిజి పిల్లల చెప్పులు కూడా వదల్లేదు. ఎక్కడా లేదు. చివరికి వార్డులో పనిచేసే ప్రతి ఒక్కరి వేళ్లూ ప్లేటు మీద అద్దాలని పట్టుబట్టాను. హెడ్ సిస్టరు సింకు దగ్గరికి వెళ్లి, అయిదు నిమిషాలు రుద్ది కడుక్కుని వచ్చి, గర్వంగా వేళ్లు అద్దింది. మిగతా సిస్టర్లు కూడా అంతే. సూపరింటెండెంటుతో చెప్పించాక పెద్ద డాక్టరు కూడా దిగివచ్చాడు. కడుక్కుని రండి సార్ అంటే, "అవసరం లేదు" అని నేరుగా వేళ్లు పెట్టాడు.

రెండు రోజుల తర్వాత ల్యాబులో ఆ ప్లేట్లన్నీ వరసగా పేర్చి, వాటి మీద పేర్లు తప్పు రాశానేమోనని మళ్లీ మళ్లీ చూశాను. హెడ్ సిస్టరు ప్లేటు నిండా ఆ క్రిమే. ఎక్కువసార్లు కడుక్కునే సిస్టర్లందరికీ ఎక్కువ, తక్కువగా కడుక్కునేవాళ్లకు తక్కువ. పెద్ద డాక్టరు ప్లేటులో మిగతా క్రిములు ఒక చిన్న పేట కట్టుకుని కాపురం ఉన్నాయి గానీ, మేం వెతికే క్రిమి మాత్రం ఒక్కటి లేదు. నా ఇరవై ఏళ్ల ఉపన్యాసాలను కాలరాసి, ఆసుపత్రిలో అందరికంటే మొండివాడు ఆ ఒక్క క్రిమి విషయంలో కడిగిన ముత్యంలా కూర్చున్నాడు.

నేను వార్డుకు వెళ్లి సింకు పక్క సీసా మూత తిప్పాను. మూతకు వేలాడే గొట్టం బయటికి లాగితే, దాని పొడవునా జారుడుగా పాచి. సీసా అడుగున ముక్కులో చీమిడిలాంటిది పేరుకుని ఉంది. ఎన్ని నెలలదో తెలియదు.

వార్డు ఆయమ్మను పిలిచి ఇందులో సబ్బు ఎట్లా పోస్తావని అడిగాను.

"రొంత తగ్గితానే పోస్తాండామ్మా. మందం ఎక్కువుంటే కాసిని నీళ్లు కలుపుతాండా, ఎక్కువ దినాలు వస్తాదని."

"అడుగున ఉన్నది పారబోసి, సీసా కడిగి, ఆరబెట్టి పొయ్యవా?"

ఆయమ్మ నా వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "ఉండేదాన్ని ఏమిటికి పారబోస్తామమ్మా? అయినా కడిగి ఆరబెట్టేలోపల నువ్వొస్తే? సీసా ఖాళీ కనపడితే సున్నా ఏస్తావు గదా. మా సిస్టరమ్మ నన్ను బతకనిస్తాదా? నీ కాగితం వచ్చినప్పటి నుంచి ఒక్క దినం గూడా ఖాళీ కానీలేదు."

ఆమె మీద కోప్పడటానికి నా దగ్గర ఏమీ లేదు. మా సీమలో గిన్నెలో గుక్కెడు మిగిలినా పారబోసే చెయ్యి ఎవరికీ లేదు. ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టి పెరిగినవాళ్లం. మా అమ్మ తొట్టి అడుగు నీళ్ల మీదే కొత్త నీళ్లు పోసేది, నేను ఇవాళ్టికీ మా ఇంట్లో అట్లాగే పోస్తాను. ఇక్కడి మనుషులకు ఖాళీ సీసా నేరమని చెప్పి, నిండు సీసాను అప్పుడప్పుడూ పారబొయ్యాలని చెప్పకపోతే ఏమవుతుందో ఊహించడానికి పరిశోధన అక్కర్లేదు. ఇక్కడ పుట్టి ఉంటే చాలు. నేను ఇక్కడే పుట్టాను. నా కాగితంలో సీసా కడగడం గురించి ఒక్క గడి లేదు.

అప్పుడు అర్థమైంది అమ్మమ్మ చేతి సంగతి. సబ్బుతో మూడుసార్లు కడిగించి, ఆ వెంటనే వేళ్లు అద్దించింది నేను. ప్లేటులో పెరిగింది ఆమె క్రిమి కాదు, నేను పూసి పంపించింది. వరండాలోంచి ఆమెను ల్యాబుకు పిలిపించి, ఏమీ కడగకుండా మళ్లీ వేళ్లు అద్దించాను. ఎందుకని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. రెండో రోజుకు ఆ క్రిమి జాడ లేదు. టమోటా పసురు మాత్రం ఉంది.

ఆ రెండు రోజుల్లోపలే సీసాలన్నీ తీయించి, బిళ్ల సబ్బును ముక్కలుగా కోసి, నీళ్లు కారిపోయే జాలీ డబ్బాల్లో పెట్టించాను. సీసాలోని క్రిమి ఏ మందుకు చస్తుందో చూసి పిల్లలకు మందు మార్పించాను. ఎలుకపిల్లంత పిల్ల మూడు రోజులకు కళ్లు తెరిచింది. నాలుగో రోజు ఏడ్చింది. వార్డులో ఒక పిల్ల ఏడుపు విని నేను సంతోషపడటం అదే మొదటిసారి.

కమిటీ మీటింగులో పెద్ద డాక్టరు ముందే నివేదిక రాసుకొచ్చాడు. రోగుల సహాయకుల అపరిశుభ్రత వల్ల అని. నేను సబ్బు సంగతి చెప్పాను. అందరూ కాసేపు టీ తాగారు.

"నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా గదమ్మా, ఊరికే చేతులు కడగొద్దని" అన్నాడు పెద్ద డాక్టరు. నేను ఆయన ప్లేటు తెచ్చి బల్ల మీద, ఆయన బిస్కెట్ల పక్కనే పెట్టాను. ఆయన బిస్కెట్లు కొంచెం అవతలికి జరుపుకున్నాడు.

సూపరింటెండెంటు మంచివాడే. నన్ను ఒక్కదాన్నే పక్కకు పిలిచి, "నీ కాగితం వల్లే అయిందని నువ్వే రాసుకుంటావామ్మా? సబ్బులో క్రిములంటే ఊరంతా నవ్వుతుంది. ఆ ముసలమ్మ చెయ్యి అని రాస్తే పోతుంది గదా. ఆమెకు చదువు లేదు, వచ్చి అడగదు" అన్నాడు. ఆ మాటకు నా మనసు ఒక్క క్షణం ఊగింది. నిజమే, ఆమె అడగదు. మొదటిసారి కూడా అడగలేదని గుర్తొచ్చి, తల కొట్టేసినట్టయింది. ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టాను.

రాయడం తేలిక. ఆమెకు చెప్పడమే కష్టం. రెండు పూటలు ఏదో ఒక వంకతో ఆ మెట్లవైపు పోకుండా తిరిగాను. మూడో పూట మధ్యాహ్నం వెళ్లి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఆమె చేతులు రెండూ కొంగులో చుట్టుకుని కూర్చుంది.

"క్రిమి నీ చేతుల్లోంచి రాలేదమ్మా" అన్నాను. "వార్డులో సబ్బులోంచి వచ్చింది. ఆ సబ్బుతో నిన్ను కడిగించింది నేనే. తప్పు నాది."

పత్తికొండ టమోటా మార్కెట్టులో ఆడవాళ్లు తిట్టే తిట్లు నేను విని ఉన్నాను. వాటికి సిద్ధపడే వచ్చాను.

"అయితే నా చేతుల్లో ఏం లేదంటావు" అంది.

"లేదమ్మా."

"బాగ చూసినావా? మల్ల ఉండాదంటావేమో."

"చూశాను. లేదు."

ఆమె కొంగు విప్పి చేతులు బయటికి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"నా బిడ్డకు తల దువ్వి ఎన్ని దినాలాయనో" అంది. "పచ్చి బాలింత, చేతులు పైకి లేపలేదు. దువ్వు మా అని అడిగితే, నాకు చెయ్యి నొప్పి అని అబద్దం చెప్తి. నా చేతిలో పురుగుండాదని నువ్వు చెప్తివే. పసిదాన్ని తినె, ఇంక దీన్నీ తింటాదేమోనని. అన్నం తట్ట గూడా నేల మీద పెట్టి కాలితో తోస్తాంటి తల్లీ. అది నన్ను చూసి ఏడుస్తాండె, అమ్మకు నేను బరువైపోతినని."

నేను ఒప్పుకోవడానికి వచ్చిన తప్పు ఇది కాదు. ఇది ఉందని కూడా నాకు తెలియదు. ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడిస్తే నన్ను ఓదార్చే పని కూడా ఆమె మీదే పడుతుందని ఆపుకున్నాను.

ఆమెను బాలింతల హాల్లోకి తీసుకెళ్లాను. ఆ పొద్దునే పిల్లను తల్లి పక్కకు మార్చారు. తల్లి ఒత్తిగిలి పడుకుని పాలిస్తోంది. జుట్టు అట్టలు కట్టి ఉంది. గుమ్మంలో అమ్మను చూసి, నన్ను చూసి బెదిరి, పిల్లను దగ్గరికి లాక్కుంది.

"ఏం లేదంట" అంది అమ్మమ్మ. "ఈయమ్మే చెప్పె. నా చేతులు బాగనే ఉండాయంట."

ఆమె కొళాయి కింద చేతులు కడుక్కుని వచ్చింది. కూతుర్ని మెల్లగా లేపి కూర్చోబెట్టి, మంచం మీద వెనక చేరి, తలగడ కింది నుంచి దువ్వెన తీసింది. చిక్కు గట్టిగా ఉంది. పాయలు పాయలుగా విడదీసి, కుదుళ్లు వేళ్లతో పట్టుకుని, చివర్ల నుంచి దువ్వడం మొదలుపెట్టింది. కూతురు కళ్లు మూసుకుంది. పాలు తాగే పిల్ల దగ్గర తల దువ్వకూడదని నేను రాసిన నియమాల్లోనే ఉంది. నోరు మెదపలేదు. కూతురికి కూడా క్షమించమని చెప్పాలనుకుని, మాట వెతుక్కుంటూ కిటికీ దగ్గర నిలబడ్డాను.

అమ్మమ్మ తలెత్తకుండానే అంది. "వెలుతురుకు అడ్డమున్నావమ్మా. రొంత పక్కకు జరుగు."

జరిగాను.